ప్రశ్నార్థకంతో మొదలైన కథ

1937లో మ్యూనిక్ నగరంలో పిల్లల డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ విస్కాట్ ముగ్గురు అన్నదమ్ముల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. చెవుల్లో చీము, ఒంటిమీద తామర, నెత్తుటి విరేచనాలు. ముగ్గురూ పసితనంలోనే కన్నుమూశారు. వాళ్ల అక్కచెల్లెళ్లకు మాత్రం ఏమీ కాలేదు. ప్లేట్‌లెట్లు తగ్గిపోయే జబ్బొకటి వైద్యులకు అప్పటికే తెలుసు. ఇదీ అదేనా? విస్కాట్‌కు నమ్మకం కుదరలేదు. వ్యాసం పేరు చివర ప్రశ్నార్థకం ఉంచాడు. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

1954లో అమెరికాలో రాబర్ట్ ఆల్డ్రిచ్ అనే డాక్టర్ ఇదే జబ్బున్న, డచ్ మూలాలున్న ఒక కుటుంబపు వంశవృక్షం గీశాడు. జబ్బు తల్లుల నుంచి కొడుకులకు వస్తోందని తేలింది. దానికి కారణమైన జన్యువు మాత్రం 1994 దాకా చిక్కలేదు. అది తయారుచేసే ప్రోటీన్ 502 అమైనో ఆమ్లాల గొలుసు. పేరు వాస్ప్.

ఇల్లు కట్టేచోట సారవ లేకపోతే మేస్త్రీ, ఇటుక, సున్నం ఎక్కడివక్కడే ఉండిపోతాయి. రోగనిరోధక కణంలో వాస్ప్ అలాంటి సారవే. మామూలుగా తనలోకి తానే ముడుచుకుని ఉంటుంది. కణం పైపొర దగ్గర సీడీసీ42 అనే ప్రోటీన్ వచ్చి తగిలితే ముడి విప్పుకుంటుంది. నడుము భాగం సంకేతాలు మోసే ప్రోటీన్లను పట్టుకుంటే, తోక భాగం ఆర్ప్2/3 అనే ప్రోటీన్ల గుంపునూ ఆక్టిన్ అనే ప్రోటీన్‌నూ ఒకచోటికి చేరుస్తుంది. అక్కడ ఆక్టిన్ పోగులు కొమ్మలేసుకుంటూ పెరిగి కణం అంచును ముందుకు నెడతాయి.

ఆ సారవ కూలితే ఏమవుతుందో 1998లో లండన్ పరిశోధకులు చూపించారు. ఈ జబ్బున్నవాళ్ల నుంచి మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలను తీసుకుని, ఒకవైపు నుంచి రసాయన సంకేతం అందేలా పెట్టారు. కణాలు కదిలాయి. వేగమూ తగ్గలేదు. కానీ ఎటు వెళ్లాలో వాటికి తెలియలేదు! సూక్ష్మజీవి ఉన్నచోటికి కాపలావాడు చేరకపోతే పసివాడి చెవిలో చీము ఆగేదెలా? ఈ కథలో నా మనసు ఎప్పుడూ ఆగిపోయేది ఇక్కడే.

చికిత్స మాత్రం జన్యువు కోసం ఎదురుచూడలేదు. 1968లోనే ఈ జబ్బుకు ఎముక మజ్జ మార్పిడి చేశారు.

2006లో మ్యూనిక్ వైద్యులే విస్కాట్ చూసిన ఆ కుటుంబపు బంధువులను వెతికి పట్టుకుని పరీక్షలు చేశారు. లోపం వాస్ప్ జన్యువులోనే కనిపించింది. విస్కాట్ ప్రశ్నకు జవాబు రావడానికి 69 ఏళ్లు పట్టింది.