ఆహార దుకాణాలలో వాడి పారేసే పాత్రల నియమాలు (శ్రీకాకుళం, విజయనగరం)

ఆహారం కొన్నవారికి దుకాణదారు దానితోపాటు ఇచ్చే విస్తరి, కప్పు, గ్లాసు, చెంచా, స్ట్రా, పొట్లం వంటి ఒకసారి వాడి పారేసే వస్తువులను నియంత్రించే నిబంధనల గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో వీటికి ప్రధాన ఆధారం కేంద్ర ప్రభుత్వపు ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 మరియు వాటికి 2021 ఆగస్టు 12న వెలువడిన సవరణ. ఈ నియమాలు ఏ వస్తువు ఇవ్వకూడదో చెబుతాయి. దాని బదులు ఏది ఇవ్వాలో, అసలు ఇవ్వవలసిన అవసరం ఉందో లేదో చెప్పవు. ఆ ఖాళీని చాలావరకు లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు వస్తువులు ఆక్రమించాయి. ఇదే ప్రాంతపు కొండలలో పెరిగే అడ్డాకుకు చట్టం వలన అడ్డంకి ఏదీ లేకపోయినా, ప్రత్యేకించి లాభమూ కలగలేదు.

పూర్వపు పద్ధతి

ప్లాస్టిక్ రాకముందు ఈ ప్రాంతంలో విందులకు, పూటకూళ్ళకు, సంతలకు ఆకులే పాత్రలు. అరటి ఆకు, మోదుగ ఆకు, మర్రి ఆకు, టేకు ఆకు వాడుకలో ఉండేవి. వీటన్నిటికంటె ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైనది అడ్డాకు. ఇది బౌహీనియా వాహ్లీ అనే పెద్ద అడవి తీగ ఆకు. కొన రెండుగా చీలి, వెడల్పుగా, దళసరిగా ఉంటుంది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ ప్రాంతాలలో సవర, జాతాపు మొదలైన గిరిజనులు ఈ ఆకును కోసి, ఎండబెట్టి, సన్నని వెదురు పుల్లలతో కుట్టి విస్తళ్ళుగా తయారుచేస్తారు. కట్టలు కట్టిన విస్తళ్ళు మైదానపు సంతలకు చేరతాయి. వడ్డించే ముందు విస్తరిపై నీళ్ళు చిలకరించడం ఆచారం మాత్రమే కాదు. ఎండిన ఆకు మెత్తబడి విరగకుండా ఉండడానికీ అది అవసరం. (ఈ రెండు ఏజెన్సీ ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి.)

ఇంటికి పట్టుకువెళ్ళవలసిన పదార్థానికి గిన్నె గాని, క్యారేజీ గాని కొన్నవారే తెచ్చుకొనేవారు. పాత్ర ఇవ్వడం దుకాణదారు బాధ్యత అనే భావన ‘పార్శిల్’ అనే మాటతోపాటు వచ్చినదే.

నియమాలు

2022 జూలై 1 నుండి ప్లాస్టిక్‌తో గాని, థర్మోకోల్‌తో గాని చేసిన పళ్ళేలు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, కత్తులు, స్ట్రాలు, ట్రేలు, పానీయాలు కలిపే పుల్లలు దేశమంతటా నిషిద్ధం. మిఠాయి పెట్టెలపై చుట్టే పలుచని ప్లాస్టిక్ పొర, ఐస్‌క్రీమ్ ప్లాస్టిక్ పుల్లలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. అమ్మకమే కాక తయారీ, దిగుమతి, నిలవ ఉంచడం, పంపిణీ, వాడకం అన్నీ నిషేధం కిందికే వస్తాయి. కనుక “డబ్బు తీసుకోలేదు, ఊరికే ఇచ్చాను” అనే సమాధానం దుకాణదారును కాపాడదు. నేలలో కలిసిపోయే కంపోస్టబుల్ ప్లాస్టిక్‌తో చేసిన వస్తువులకు మినహాయింపు ఉంది. అయితే వాటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం తప్పనిసరి.

చేతి సంచుల మందం 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు తగ్గకూడదు. సాంబారు, పచ్చడి కట్టి ఇచ్చే పిడి లేని కవర్ల సంగతి వేరు. వీటికి ప్లాస్టిక్ షీటుకు నిర్దేశించిన 50 మైక్రాన్ల కనీస మందం వర్తిస్తుంది. మూత ఉన్న కూర డబ్బాల పేరు నిషేధ జాబితాలో లేదు. అందువలన ఒకే పార్శిల్‌లో డబ్బా చెల్లి, దానితో ఇచ్చే ప్లాస్టిక్ చెంచా చెల్లని విచిత్ర పరిస్థితి ఏర్పడింది.

బజ్జీలు, పునుగులు వార్తాపత్రికలో చుట్టి ఇవ్వడం వేరొక నిబంధనకు విరుద్ధం. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలలో ఆహారాన్ని వార్తాపత్రికలలో చుట్టడాన్ని, నిలవ ఉంచడాన్ని నిషేధించింది. ముద్రణ సిరాలోని రసాయనాలు వేడి నూనెతో ఆహారంలోకి చేరడం ఇందుకు కారణం.

అమలు, జరిమానాలు

పట్టణాలలో నగరపాలక, పురపాలక సంస్థలు, గ్రామాలలో పంచాయతీలు ఈ నియమాలను అమలు చేయాలి. చిల్లర వర్తకులు, తోపుడుబండ్ల వారు చెల్లించవలసిన జరిమానాను స్థానిక సంస్థ తన ఉపనిబంధనలలో నిర్ణయిస్తుంది. కాబట్టి అది అన్ని ఊళ్ళలో ఒకేలా ఉండనవసరం లేదు. మాతృ చట్టమైన పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 ప్రకారం మొదట ఐదేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండేవి. జన విశ్వాస్ చట్టం, 2023 జైలుశిక్షను తొలగించి, 2024 ఏప్రిల్ 1 నుండి 10 వేల నుండి 15 లక్షల రూపాయల వరకు అపరాధ రుసుమును ప్రవేశపెట్టింది.

కాగితపు కప్పు

నిషేధం తరువాత టీ దుకాణాలలో ప్లాస్టిక్ గ్లాసు స్థానం కాగితపు కప్పుదే. పేరుకు కాగితమే గాని, ద్రవం కారకుండా దాని లోపల సన్నని పాలిథిలిన్ పూత ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో వెల్లడించిన ఫలితాల ప్రకారం 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం అటువంటి కప్పులో 15 నిమిషాలు ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో చేరతాయి. కేంద్రం జాబితాలో ఈ కప్పు లేదు. తమిళనాడు మాత్రం 2019 జనవరి 1 నుండి పూత ఉన్న కాగితపు కప్పులను, పళ్ళేలను కూడా నిషేధించింది. తయారీదారులు న్యాయస్థానానికి వెళ్ళినా, కప్పులపై నిషేధాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో సమర్థించింది.

పెళ్ళిళ్ళలో కనిపించే, అరటి ఆకు ఆకారంలో కత్తిరించి ఆకుపచ్చ రంగు అద్దిన కాగితపు విస్తళ్ళు కూడా చాలావరకు పూత ఉన్నవే. చూపుకు ఆకు, గుణానికి ప్లాస్టిక్.

అడ్డాకు స్థితి

అడ్డాకుకు పరిమితులు లేకపోలేదు. ఇడ్లీ, పులిహోర, బజ్జీల వంటి పొడి పదార్థాలకు ఇది చక్కగా సరిపోతుంది. పులుసు, సాంబారు కుట్ల సందులనుండి కారతాయి. యంత్రంతో అచ్చువేసిన దొన్నెలు కొంత మేలు. కారకుండా వాటికి ప్లాస్టిక్ పొర అంటిస్తే మాత్రం అసలు ప్రయోజనమే దెబ్బతింటుంది. చేతితో కుట్టవలసిన విస్తరి, యంత్రంపై తయారయ్యే కాగితపు పళ్ళెంతో ధరలో పోటీపడడం కష్టం. ఆ తేడా భారం చివరకు పడేది ఆకు కోసి కుట్టే గిరిజన మహిళల కూలిపైనే.

అటవీ హక్కుల చట్టం, 2006 చిన్నతరహా అటవీ ఫలసాయంపై అడవిలో నివసించే గిరిజనులకు హక్కు కల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో అటవీ ఫలసాయాన్ని కొనేందుకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తుంది. అడవిలో హక్కు, కొనే సంస్థ రెండూ ఉన్నా, పట్టణంలోని ఆహార దుకాణాలు ఆకు విస్తరినే వాడాలని గాని, వాడితే రాయితీ ఉంటుందని గాని పైన చెప్పిన కేంద్ర నియమాలలో ఎక్కడా లేదు.

అడిగినవారికే ఇవ్వడం

కొన్ని దేశాలలో నిబంధన వస్తువును బట్టి కాక, ఇచ్చే పద్ధతిని బట్టి ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చేసిన చట్టం ప్రకారం చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు కొనుగోలుదారు అడిగితేనే ఇవ్వాలి. భారతదేశంలో ఇటువంటి చట్టం లేదు గాని, ఆహారాన్ని ఇంటికి చేర్చే జొమాటో సంస్థ 2021 ఆగస్టులో ఈ పద్ధతిని స్వచ్ఛందంగా అనుసరించింది. సంచులకు విడిగా ధర వసూలు చేయాలన్న 2016 నాటి నియమాన్ని కేంద్రం 2018లో తొలగించింది. ముందుగా తెలియజేయకుండా బిల్లు దగ్గర సంచికి డబ్బు అడగడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తీర్పు చెప్పింది.

కొనుగోలుదారు తెచ్చుకొన్న గిన్నెలో గాని, క్యారేజీలో గాని ఆహారం పోసి ఇవ్వడాన్ని ప్లాస్టిక్ నియమాలు నిషేధించవు.