కొల్లేటి దారిలో పడవ కారు

జనవరి నెల. సంక్రాంతి వెళ్లి వారమైంది. తెల్లవారుజామున అయిదున్నరకి ఏలూరు పవర్‌పేటలో ఒక ఇంటి వెనక, రేకుల షెడ్డు ముందు నిలబడ్డారు మీరు. మంచు కురుస్తోంది. మేస్త్రీ తార్పాలిన్ కొస ఒకటి మీ చేతికిచ్చి, రెండోది తను పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో పక్కా లాగుతూ షెడ్డు లోపలికి నడుస్తున్నారు. బానెట్ బయటపడింది. ఇంకా నడిచారు. ముందు అద్దం వచ్చింది. ఇంకా నడిచారు. తలుపు, వెనక సీటు, ఆ తర్వాత మంచమంత డిక్కీ. తార్పాలిన్ నేలకి జారేసరికి మీ వీపు షెడ్డు గోడకి తగిలింది.

1964 షెవర్లే ఇంపాలా కన్వర్టబుల్. పొడవు 5.33 మీటర్లు, అంటే పదిహేడున్నర అడుగులు. మన అంబాసిడర్ 4.3 మీటర్లే. వెడల్పు రెండు మీటర్ల పైచిలుకు. ఆ రోజుల్లో మనవాళ్లు ఇలాంటి బళ్లకి కంపెనీ పేరూ మోడల్ పేరూ పట్టించుకోలేదు. షెవర్లే అయినా ప్లిమత్ అయినా డాడ్జ్ అయినా, చూడగానే 'పడవ కారు' అనేశారు. ఎంత సరిగ్గా అన్నారో ఇంకో గంటలో మీకే తెలుస్తుంది.

వెనక్కి వచ్చి చూడండి. పక్కకి మూడేసి చొప్పున ఆరు ఎర్రదీపాలు, గుండ్రంగా, కుంకుమ బొట్లు పెట్టినట్టు. అదే ఏడాది అదే కంపెనీ చవక మోడళ్లకి రెండేసే ఉండేవి. చీకట్లో వెనక నుంచి చూసినా ముందు వెళ్లేది ఇంపాలా అని తెలియాలి, అదీ వాళ్ల లెక్క.

మేస్త్రీ ముందు అద్దం పైనున్న రెండు గొళ్లాలు విప్పి మీట లాగాడు. వెనక సీటు వెనకాల మోటారు గుయ్యిమంది. నూనె ఒత్తిడికి గుడ్డ టాప్ నెమ్మదిగా లేచి, గూడబాతు రెక్కలు ముడుచుకున్నట్టు మడతలు పడి వెనక గుంటలోకి దిగిపోయింది. షెడ్డు రేకుల కన్నంలోంచి ఒక చుక్క నేరుగా సీటు మీదకి కనిపిస్తోంది.

"ఎక్కండి బాబుగారూ."

అలవాటు కొద్దీ మీరు ఎడమ పక్కకి వెళ్లారు. అక్కడ స్టీరింగుంది. ఇది అమెరికా రోడ్ల కోసం చేసిన బండి, డ్రైవరు ఎడమ పక్కే కూర్చోవాలి. మీ చోటు కుడి పక్క. తలుపు లాగితే ఇనప్పెట్టె తలుపంత బరువు. ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే బల్ల, మధ్యలో గేరు రాడ్డు అడ్డం లేదు. గేరు మీట స్టీరింగు పక్కనే ఉంది. ముగ్గురు హాయిగా పట్టే చోట మీరిద్దరే ఉన్నారు. వెనక సీట్లో నేను. నడుముకి మాత్రమే పట్టే బెల్టు ఒకటుంది, బిగించుకోండి.

తాళం తిప్పాడు. ఇంజిన్ అంటుకున్న చప్పుడు మీకు చెవిలో వినపడే ముందు సీటులో తెలిసింది. ఎనిమిది సిలిండర్లు, నాలుగున్నర లీటర్లకి పైన. మారుతి 800 ఇంజిన్లు దాదాపు ఆరు కలిపితే ఇది. అయినా అరుపు లేదు. రాత్రి పూట రెండు పొలాల అవతలి రైస్‌మిల్లు ఆడుతున్నట్టు ఉంది.

ఫైర్ స్టేషన్ సెంటర్లో ఇడ్లీ బండి దగ్గర ఆవిరి లేస్తోంది. బండివాడు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. స్టీరింగు ఉండాల్సిన చోట మీరు చేతులు ముడుచుకుని కూర్చున్నారు మరి, కారు మాత్రం వెళ్లిపోతోంది. ఊరు దాటి కైకలూరు రోడ్డెక్కాక మేస్త్రీ అసలు పని మీకు అప్పజెప్పాడు. లారీ వెనక పడితే ఎదురుగా ఏమొస్తోందో ఎడమ పక్క కూర్చున్న ఆయనకి కనపడదు.

"ఎదర ఏమన్నా వస్తోందాండీ?"

"వస్తోంది, ఆగండి... ఇప్పుడు పదండి."

"ఆయ్!"

మీరు ప్రయాణికుడు కాదు ఇక, పడవ ముందు కూర్చుని లోతు చెప్పేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రోడ్డు నల్లరేగడి మీద వేసింది. వానకి నేల ఉబ్బుతుంది, ఎండకి బీటలిచ్చి కుంగుతుంది, పైన తారు అలలు తిరిగిపోతుంది. మీ చిన్న కారులో ఈ దారిన వచ్చినప్పుడల్లా నడుము పట్టేసింది కదా. ఇక్కడ చూడండి. ముందు చక్రాలు గుంటలో దిగాయి, బానెట్ మెల్లగా వంగింది, మళ్లీ లేచింది. నాలుగు చక్రాలకీ మెత్తటి చుట్ట స్ప్రింగులు, చక్రాల జతల మధ్య మూడు మీటర్ల దూరం, కింద దూలం లాంటి విడి ఛాసీ. కుదుపు మీదాకా రాకముందే అలసిపోతోంది. కొల్లేరులో తాటి దోనె మీద వెళ్లినవాళ్లకి ఈ ఊగిసలాట కొత్త కాదు. నీటిని కొట్టుకుంటూ పోదు దోనె, నీళ్లు ఎలా లేస్తే అలా లేస్తుంది.

ఆ విడి ఛాసీయే ఓపెన్ టాప్‌కి కూడా ప్రాణం. ఈనాటి కారుకి పైకప్పు కోసేస్తే మొత్తం బండి బలం పోతుంది, ఎందుకంటే కప్పుతో కలిసిన పెట్టె ఆకారమే దాని బలం. ఆ కాలపు అమెరికా బండికి బరువంతా కింది చట్రం మోసేది. చట్రాన్ని మరికాస్త గట్టిచేసి కప్పు తీసేయొచ్చు. పైగా పెట్రోలు గ్యాలను ముప్ఫై సెంట్లున్న రోజులు, 1956 చట్టంతో అమెరికా అంతటా తిన్నటి హైవేలు పరుస్తున్న రోజులు. లీటరుకి అయిదారు కిలోమీటర్లు వస్తే చాలనుకున్నారు. 1965 ఒక్క ఏడాదే ఇంపాలాలు పది లక్షలు దాటి అమ్ముడయ్యాయి. మోటారు వాహనాల చరిత్రలో హాయి కోసం ఇంత ఇనుము ఖర్చుపెట్టిన కాలం మళ్లీ రాలేదని నా నమ్మకం.

తెల్లారుతోంది. ఎడమ పక్క చెరువుల మీద మంచు ఎర్రబడింది. వాసనలు చూడండి. ఇది తవుడు. ఇది తడి బురద. ఇది రొయ్యల చెరువు, ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు కూడా వస్తోంది. అద్దాలు మూసుకుని ఏసీలో వెళితే ఈ ముప్ఫై కిలోమీటర్లూ ఒకటే చెరువు. ఇక్కడ చెరువు చెరువుకీ గాలి మారుతోంది. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసిన నీళ్లు ఇవి, ఉప్పుటేరు గుండా పోయి సముద్రంలో కలవాల్సినవి. 1999లో కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు యంత్రాలతో కొట్టించారు. ఆ తగవు గురించి ఎంతైనా చెప్పొచ్చు. ఇప్పుడు మాత్రం తల పైకెత్తండి.

గూడబాతులు. ఆటపాక వైపు వరసగా, మన తల మీదుగా. రెక్క ఒక్కసారి ఆడించి చాలాసేపు తేలిపోతున్నాయి. కప్పున్న కారైతే మేస్త్రీ ఆపాలి, మీరు దిగాలి, అప్పటికి అవి ఉండవు. ఇప్పుడు అవీ మనమూ ఒకే వేగంతో ఒకే దారిన వెళుతున్నాం. నేను ఈ బండిని ఎందుకు ఇష్టపడతానో చెప్పమంటే ఈ అర నిమిషాన్నే చూపిస్తాను.

ముందు చేపల లారీ. ఐసు కరిగిన నీళ్లు రోడ్డు పొడవునా కారుతున్నాయి. మేస్త్రీ బ్రేకు మీద మెత్తగా రెండు మూడుసార్లు కాలు వేసి తీశాడు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, తడిస్తే పట్టు తప్పుతాయి, ఇలా ఆరబెట్టుకోవాలి. బండి బరువు టన్నున్నర పైన. అందుకే నలభై మైళ్ల ముల్లు దాటనివ్వడు. స్పీడోమీటరు మీద 120 మైళ్ల దాకా అంకెలున్నాయి కానీ ఈ బండి అందం అంతా మొదటి మూడో వంతులోనే ఉంది.

రేడియో పెట్టాడు. అమెరికా కారు రేడియో, మీడియం వేవ్ ఒక్కటే. మీడియం వేవ్‌కి దేశం తేడా లేదు. ముల్లు 837 దగ్గరకి రాగానే గరగరలోంచి విజయవాడ కేంద్రం పలికింది.

కైకలూరు దాటాక ఒక ఊళ్లో గేదెలు అడ్డొచ్చి ఆగాం. కుళాయి దగ్గర బిందె పట్టుకున్న పెద్దావిడ కారు చుట్టూ ఒకసారి చూసి మేస్త్రీని అడిగింది.

"పెళ్లికొడుకేడయ్యా?"

"ఈయనేనమ్మా."

ఆవిడ మిమ్మల్ని తేరిపార చూసి, "చల్లగా ఉండు నాయనా" అంది. గేదెలు తప్పుకున్నాయి. మీరు ఇంకా ఆవిడ వైపే చూస్తున్నారు.

ఆవిడ అడిగినదాంట్లోనే ఈ కారుకి తెలుగునాట ఉన్న అర్థం ఉంది. అమెరికాలో కన్వర్టబుల్ అంటే ఆదివారం షికారు, సముద్రం ఒడ్డు, కుర్ర జంట. మనకి కప్పులేని బండి అంటే ఊరేగింపు. ద్వారకా తిరుమలలో స్వామి రథం వీధిలోకి వచ్చేది అందరికీ కనపడడానికే. పెళ్లికొడుకుని ఓపెన్ టాప్‌లో తిప్పేదీ అందుకే. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాను ఒకటి బాగుచేయించి, పైన నిలబడే వేదిక కట్టించి, చైతన్య రథం అని పేరు పెట్టి, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. అదీ అమెరికా బండే, దాని గొప్పా ఇదే: ఎక్కినవాడికీ వీధిలో నిలబడ్డవాడికీ మధ్య అద్దం లేకపోవడం. ఇందాకటి నుంచి ఎంతమంది పిల్లలకి మీరు చెయ్యి ఊపారో లెక్కపెట్టుకున్నారా? మీ సొంత కారులో ఈ దారిన ఎన్నిసార్లు వెళ్లారు, ఒక్కరికైనా ఊపారా?

ఉప్పుటేరు వంతెన దాటాం. ఆకివీడు. అక్కణ్నించి గణపవరం మీదుగా తాడేపల్లిగూడెం దారి, రెండు పక్కలా దాళ్వా నాట్లు. బురదలో వంగి ఉన్న ఆడవాళ్లు నడుము నిలబెట్టి చూస్తున్నారు.

ఈ పడవ కార్లు మన దగ్గర ఇంత అరుదు కావడానికి కారణాలున్నాయి. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో బళ్లు బిగించేది. విడిభాగాలు తెచ్చి బిగించడం చాలదు, ఇక్కడే తయారుచెయ్యాలని ప్రభుత్వం అనడంతో 1954లో మూసేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత విదేశీ మారకం కరువు, దిగుమతులకి తాళం. అరవైల నాటి పడవ కార్లు ఎక్కువగా రాయబార కార్యాలయాలు వాడి వదిలేసినవి, స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతి మీదుగా అమ్ముడైనవి. పుట్టింట్లోనూ వీటి కథ త్వరగానే ముగిసింది. ఏసీ వచ్చింది, హైవే వేగాలు పెరిగాయి, 1973లో చమురు దెబ్బ తగిలింది. 1976 కాడిలాక్ ఎల్డొరాడోతో పెద్ద కన్వర్టబుళ్ల కాలం అయిపోయింది.

తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల లారీల మధ్య నుంచి, హాస్యనటులు రేలంగి వెంకట్రామయ్యగారు సినిమా హాలు కట్టుకున్న ఊళ్లోకి, ఈ కారు అంగుళం అంగుళం లెక్కపెట్టుకుంటూ దూరింది. ఊరి అవతల రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. మేస్త్రీ అక్కడ ఆపి ఇంజిన్ కట్టేశాడు. వేడెక్కిన ఇనుము టిక్కు టిక్కుమంటోంది. మీ మొహం మీద సన్నటి దుమ్ము, జుట్టులో మంచు తడి, ఎడమ బుగ్గ మీద ఎండ చురుకు. తలుపు తియ్యడానికి మీకు మనసొప్పడం లేదు. తొందరేం లేదు, కూర్చోండి.

ఒక్క మాట మాత్రం వినండి. మన జిల్లాల్లో పాత లోగిళ్ల వెనక, మూతపడ్డ మిల్లుల గోదాముల్లో ఇలాంటి బళ్లు తార్పాలిన్ల కింద ఉండి ఉండొచ్చు. మీ తాతగారిదో మేనమామదో అలాంటిదేమైనా ఉంటే తుక్కువాడికి కిలోల లెక్కన ఇవ్వకండి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపు మారని బళ్లకి 2021 జులై నుంచి కేంద్రం నిబంధన ప్రకారం 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తున్నారు. మొదటిసారి 20,000 రూపాయలు, పదేళ్లకి. ఆ తర్వాత 5,000. రోజువారీ తిప్పకూడదు, కిరాయికి పెట్టకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, మరమ్మతుకి రోడ్డెక్కించొచ్చు. దిగుమతి బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ కాగితం అడుగుతారు. మేస్త్రీని తర్వాత పిలవొచ్చు, ముందు బీరువాలో ఆర్‌సీ పుస్తకం వెతకండి.