గోలకొండ ముట్టడియు నగరప్రజలును

గోలకొండ పతనమును గూర్చి వ్రాయువారు తఱచుగా అబ్దుల్లాఖాను తెఱపించిన ద్వారమును, అబ్దుర్రజాకు లారీ మేని గాయములను వర్ణించి విరమింతురు. ఆ రెండును సత్యములే. కాని 1687వ సంవత్సరమునఁ గుతుబుషాహీల రాజధానిలో నశించిన సామాన్యులు ఆ ద్వారమునొద్ద నశింపలేదు. ముట్టడి యనఁగాఁ జుట్టును గ్రమ్ముకొనుట. మొగలాయిసేన చుట్టు గ్రమ్మినది దుర్గమును. నగరము దుర్గమునకు వెలుపల నుండెను.

1591లో మహమ్మదు కులీ కుతుబుషా మూసీనది దక్షిణపుటొడ్డున హైదరాబాదును నిర్మించినప్పుడు దానికిఁ బ్రాకారము కట్టింపలేదు. ఆపద వచ్చినచో సమీపముననే గోలకొండ యున్నదిగదా యని కాఁబోలు. ఆ యేర్పాటు రాజునకుఁ జాలును, అంగడివానికిఁ జాలదు. 1685 అక్టోబరున రాజకుమారుఁడు షా ఆలము సేనతో రాఁగా అబుల్ హసన్ తానీషా నగరమును విడిచి కోటలోఁ జేరెను. ప్రజలకు సొమ్ము సర్దుకొనుటకైనను వ్యవధి లేకపోయెను. మానవంతులు సైతము ముసుఁగులైన లేని యాఁడువారిని, బిడ్డలను చేతఁబట్టుకొని కోటదారిఁ గాలినడకను బరుగెత్తిరని ఖాఫీఖాను వ్రాసెను. వెనుక నగరము దోపిడికిఁ బాలయ్యెను. మఱుసటి మార్చిలో అక్కన్న మాదన్నలు గోలకొండ వీధిలోఁ జంపఁబడిరి. మాదన్న శిరస్సు మొగలాయిల యొద్దకుఁ బంపఁబడెను. ఆ తలతో శాంతిని గొనవచ్చునని తలఁచినవారు పొరపడిరి. 1686 సెప్టెంబరున బిజాపురము లొంగినపిదప ఔరంగజేబు గోలకొండవైపునకుఁ దిరిగెను.

1687 జనవరి చివర నతఁడు కోటయెదుట విడిసెను. తొలిదినములలోనే సేనాని ఖిలిచిఖాను ఫిరంగిగుండు తగిలి చేయి పోఁగొట్టుకొని మరణించెను. కోటలో ధాన్యమును మందుగుండును సమృద్ధిగా నుండెను. మొగలాయిలు గోడక్రిందఁ ద్రవ్వి మందు కూరిన సొరంగములను లోపలివారు ముందే పసిగట్టి, మందు దీసివైచి నీరు పోసిరి. నిప్పంటింపఁగాఁ బ్రేలుడు వెలుపలికే తిరిగి, త్రవ్వినవారిమీఁదనే రాళ్లు గురిసెను.

అంతలోఁ గఱవు వచ్చెను. వానలు తప్పి పైరు లెండెను. దండు దిగిన దేశమునకు ధాన్యము దెచ్చు దారులును మూసికొనిపోయెను. హైదరాబాదు నగరమునఁ బ్రాణి మిగులలేదనియు, ఇండ్లును నదియు మైదానమును శవములతో నిండెననియు మొగలాయిల చరిత్రకారులే వ్రాసిరి. పాదుషా శిబిరమును దీనికి వేఱు గాదు. ఆఁకలికిఁ దాళలేక కొందఱు భటులు కోటలోని వారితోఁ జేరిపోయిరి. తరువాత వానలు మితిమీఱి కురిసి కందకములను ముంచెను. శవముల మాంసము ఆ నీటఁ గరఁగిపోఁగా, వాన వెలిసినపిమ్మట నెముకల గుట్టలు తెల్లగాఁ గానవచ్చెను.

ఈ సమయముననే తానీషా తనకుఁ జిక్కిన మొగలాయి యధికారులకు ధాన్యపుఁగొట్లను చూపించి, వారిని మర్యాదతో విడిచిపుచ్చెను; పాదుషా సేనకు ధాన్యము పంపెదనని లేఖయు వ్రాసెను. ఔరంగజేబు నిరాకరించెను. ఇది తానీషా యౌదార్యమునకు నిదర్శనముగాఁ జెప్పఁబడుచుండును. ఔదార్యము కొంత యుండవచ్చును. తనకుఁ దక్కువ లేదని శత్రువునకుఁ దెలుపుటయు నందుఁ గలదు. కాని శత్రువునకుఁ బంపఁజూచిన యా ధాన్యము కనుచూపుమేరలో నున్న తన నగరమునకుఁ జేరు మార్గము లేదు. నడుమ శత్రుసేన యుండెను. పిదప పాదుషా కఱ్ఱతోను మట్టితోను కోటచుట్టును గోడ కట్టించి, అనుమతి లేక యెవరును రాకపోకలు సల్పకుండఁ గావలి పెట్టించెను.

ఆయుధములకు లొంగని కోట ధనమునకు లొంగెను. సేనానులు ఒక్కొక్కరుగా జాఱిపోఁగాఁ దుదకు లారీయు అబ్దుల్లాఖానును మిగిలిరి. 1687 సెప్టెంబరు 21 తెల్లవాఱకమున్నే అబ్దుల్లాఖాను ద్వారము తెఱపించెను. లారీ యొంటరిగాఁ బోరాడి యొడలెల్లఁ దూట్లు పడి కూలెను. అతనికిఁ జికిత్స చేయుటకుఁ బాదుషాయే వైద్యులను బంపెను. తానీషా తొందరపడక భోజనము ముగించి శత్రువులవెంట వెడలెను. దౌలతాబాదు కోటలో బందీగానే యతని శేషజీవితము గడచెను.

హైదరాబాదునకుఁ బ్రాకారము పదునెనిమిదవ శతాబ్దమునఁ గాని యేర్పడలేదు. దానిని ముబారిజుఖా నారంభింపఁగా, గోలకొండయెదుట మడసిన ఖిలిచిఖాను మనుమఁడు నిజాముల్ముల్కు పూర్తిచేయించెను.