బతికిన కాలేజీ, చచ్చిన కాలేజీ



మీ ఇంట్లో డెబ్భై ఏళ్లు దాటిన పెద్దవాళ్లుంటే, "చిన్నప్పుడు చెన్నపట్నంలో ఏమేం చూశారు?" అని ఒకసారి అడగండి. సముద్రం, మూర్ మార్కెట్ చెప్పాక, "బతికిన కాలేజీ, చచ్చిన కాలేజీ" అంటారు. పిల్లలు నవ్వుతారు. బతికిన కాలేజీ అంటే జంతుశాల. చచ్చిన కాలేజీ అంటే ఎగ్మూరులోని మ్యూజియం. తమిళంలోనూ ఇదే మాట: ఉయిర్ కాలేజ్, సెత్త కాలేజ్. మరి జంతువులకూ కాలేజీకీ సంబంధమేమిటి? ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

కుంపిణీ దొరలకు మన దేశభాషలు నేర్పడానికి 1812లో సెయింట్ జార్జి కోట కాలేజీ ఏర్పడింది. కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం 1816లో అచ్చయింది ఈ కాలేజీ అచ్చుకూటంలోనే. మరుసటి ఏడు చెన్నపట్నం చేరిన సి.పి. బ్రౌన్ తెలుగు ఓనమాలు దిద్దిందీ ఈ కాలేజీ విద్యార్థిగానే. 1851లో ఆ కాలేజీ మేడమీద మ్యూజియం తెరిచారు. దాని అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే వైద్యుడు. 1854లో మ్యూజియం ఎగ్మూరుకు మారింది. చోటు మారినా కాలేజీ అన్న మాట జనం నాలుక మీద నిలిచిపోయిందనుకోవచ్చు.

బాల్ఫర్‌కు ఒక ఆలోచన తట్టింది. ఎముకలనూ, గడ్డి కూరిన తోళ్లనూ చూడడానికి వచ్చే జనం ప్రాణమున్న మృగాన్ని పెడితే ఇంకెంతమంది వస్తారు? పెట్టి చూశాడు. జనం విరగబడి వచ్చారు. అలా 1855లో జంతుశాల మొదలయింది. కర్ణాటక నవాబు తన జంతువులను ఇచ్చాడు. ఏడాది తిరిగేసరికి వాటి సంఖ్య 300 దాటింది. అన్నింటికీ మ్యూజియం ఆవరణలో చోటెక్కడిది? 1860ల మొదట్లో వాటిని పీపుల్స్ పార్కుకు తరలించి, మునిసిపాలిటీకి అప్పగించారు.

తరువాత ఆ పార్కు పక్కనే సెంట్రల్ స్టేషను వెలిసింది. 1900 నాటికి మూర్ మార్కెట్ వచ్చింది. ఇక సరిహద్దు ఊళ్ల సంసారాలకు అంతకన్న ఏం కావాలి? చద్దిమూట కట్టుకుని తెల్లవారుజామున బండెక్కితే, దిగిన చోటనే జంతుశాల. చెట్టు నీడన మూట విప్పి తిని, మూర్ మార్కెట్‌లో బేరాలాడి, ఎగ్మూరు వెళ్లి రెండో కాలేజీ కూడా చూసి, రాత్రికి ఇల్లు చేరేవారు. ముక్కనుమనాడు మరీ రద్దీ. తమిళులకు అది కాణుం పొంగల్, అంటే చూసే పండుగ.

మనకు అది వేడుకే. బోనులోని ప్రాణికో? నాలుగడుగుల ఇటు, నాలుగడుగుల అటు. చుట్టూ రైళ్ల కూత, బజారు గోల, పల్లీలు విసిరే చేతులు. నగరం పెరిగినకొద్దీ ఆ చోటు ఇరుకైపోయింది. 1979లో వండలూరు అడవిలో కొత్త జంతుశాల పని మొదలయింది. 1985 జులైలో అప్పటి ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ దాన్ని ప్రారంభించారు. అదే ఏడు మూర్ మార్కెట్ అగ్నికి ఆహుతయింది. పాత పీపుల్స్ పార్కు నేలలో కొంతభాగం మీద ఇప్పుడు నెహ్రూ స్టేడియం ఉంది.

వండలూరు జంతుశాల వెయ్యి ఎకరాలకు పైబడినది. పులికీ మనకూ నడుమ చాలాచోట్ల ఊచలుండవు, లోతైన కందకం ఉంటుంది. నడిచి నడిచి వెళ్లినా ఒక్కొక్కప్పుడు పులి పొదచాటు నుంచి రాదు. "ఇంతదూరం వచ్చి ఏం చూశాం?" అని పిల్లలు ముఖం ముడుచుకుంటారు. అప్పుడు వాళ్లకు చెప్పవలసింది పెద్దలే: దాక్కునే చోటు దొరకడమే ఆ జంతువుకు దక్కిన మేలు. 1992లో కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ ఏర్పడ్డాక దేశంలోని జంతుశాలలన్నిటికీ నిబంధనలు వచ్చాయి. జంతువును ఏడిపించడం, తిండి విసరడం నేరం.

మన పెద్దలు దాన్ని తమాషా కొట్టం అనలేదు, కాలేజీ అన్నారు. ఎగతాళికి అన్నా మాట మంచిదే. ఈ సెలవుల్లో పిల్లలను వండలూరుకో, మైసూరుకో, హైదరాబాదుకో తీసుకువెళ్లండి. ప్రతి జంతువు పేరూ బోర్డుమీద ఉన్న భాషలోనే కాక, మన తెలుగులోనూ చెప్పించండి. దుప్పి, కణుజు, ముంగిస, గూడబాతు. ఆ మాటలు మన ఇళ్లలో వినిపించడం తగ్గిపోతోంది. వాటిని బతికించుకోవడం కూడా ఆ కాలేజీ చదువులో భాగమే.