రిటైరైన కాంకార్డ్‌లు: అవి చేరిన చోట్లు

ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో ప్రయాణికులను మోసిన కాంకార్డ్ విమానాలను బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి మొత్తం 20 తయారుచేశాయి. వాటిలో 18 నేటికీ ఉన్నాయి. ఎగిరేది మాత్రం ఒక్కటీ లేదు. దాదాపు అన్నీ మ్యూజియాల్లోనో, విమానాశ్రయాల్లోనో ప్రదర్శనకు నిలబడ్డాయి. ఏది ఎక్కడికి చేరాలన్నది మ్యూజియం పేరుప్రతిష్ఠల మీద కొంతే ఆధారపడింది. రన్‌వే ఎంత పొడవుంది, దగ్గర్లో నది ఉందా, రోడ్డు సరిపోతుందా అన్నవే అసలు లెక్కలు. విమానం పొడవు దాదాపు 62 మీటర్లు, రెక్కల వెడల్పు 25 మీటర్లకు పైమాటే. లారీ ఎక్కించి తెచ్చే వస్తువు కాదు.

తొలితరం విమానాలు

మొదట చాలా విమాన సంస్థలు కాంకార్డ్ కోసం పేరు నమోదు చేసుకున్నాయి. మన ఎయిర్ ఇండియా కూడా రెండింటిని అడిగి, తర్వాత విరమించుకుంది. చివరికి బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎయిర్ ఫ్రాన్స్ చెరో ఏడు నడిపాయి. మిగిలిన ఆరూ పరీక్షల కోసం కట్టినవి. వాటి పని ముందే ముగిసింది కాబట్టి మ్యూజియం బాట ముందు పట్టినవీ వాటిలోవే.

ఫ్రాన్స్‌లో ఎగిరిన మొదటి నమూనా 001ది ఓ విచిత్రమైన రికార్డు. 1973 జూన్ 30న ఆఫ్రికా మీదుగా చంద్రుడి నీడ వెంటే పరుగెత్తి, శాస్త్రవేత్తలకు 74 నిమిషాల పాటు సంపూర్ణ సూర్యగ్రహణం చూపించింది. నేల మీద నిలబడి చూసేవాళ్లకు ఆ దృశ్యం కొద్ది నిమిషాలే. అదే ఏడాది అక్టోబరు 19న పారిస్ దగ్గరి ల బూర్జే మ్యూజియానికి చేరింది. బ్రిటన్ నమూనా 002, 1976లో యోవిల్టన్ మ్యూజియానికి వెళ్లింది.

1977 ఆగస్టులో మరో పరీక్షా విమానం కేంబ్రిడ్జ్ దగ్గరి డక్స్‌ఫర్డ్‌లో దిగింది. ఆలస్యం చేస్తే దిగే వీలుండేది కాదు. కొత్త మోటారు రహదారి కోసం అక్కడి రన్‌వే కొంత కోత పడబోతోంది. ఇక మళ్లీ ఎగరలేనని తెలిసిన చోట దిగడమంటే ఇదే.

దక్కకుండా పోయినవి రెండు. 2000 జూలై 25న పారిస్ శివార్లలోని గోనెస్ దగ్గర కూలి 113 మంది ప్రాణాలు తీసిన విమానం ఒకటి. దానిలాగే రెండోదీ ఎయిర్ ఫ్రాన్స్‌దే. 1982లో సర్వీసు నుంచి తప్పించి పారిస్‌లో ఉంచేశారు. విడిభాగాలు ఊడదీసుకుంటూ పోగా, తుప్పు పట్టి, 1994లో తుక్కు అయింది. గూడు దొరకని విమానం గతి ఏమవుతుందో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

2003 పంపకాలు

గోనెస్ ప్రమాదం, 2001 సెప్టెంబరు దాడుల తర్వాత తగ్గిన ప్రయాణికులు, పెరిగిన నిర్వహణ ఖర్చు కలిసి 2003 ఏప్రిల్ 10న రెండు సంస్థల చేతా విరమణ ప్రకటన చేయించాయి. కొంటామని వర్జిన్ అట్లాంటిక్ ముందుకొచ్చినా బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఒప్పుకోలేదు. తయారీదారు ఎయిర్‌బస్ సాంకేతిక మద్దతు ఆపేస్తోంది కాబట్టి, ఎగిరి వెళ్లాల్సినవి ఆ ఏడాదిలోనే ఎగరాలి.

ఎయిర్ ఫ్రాన్స్ తన దగ్గర మిగిలిన అయిదింటి పంపకం ఒక్క జూన్‌లోనే ముగించింది. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు ఒకటి ఇస్తామని 1989లోనే మాటిచ్చింది, ఆ మాట నిలబెట్టుకుంది. ల బూర్జేకి ఒకటి, తులూజ్‌కి ఒకటి వెళ్లాయి. ఒకటి పారిస్ చార్ల్స్ ద గాల్ విమానాశ్రయంలోనే ఉండిపోయింది. అయిదోది జర్మనీలోని సిన్స్‌హైమ్ మ్యూజియానికి. ఆ ఊళ్లో తగిన రన్‌వే లేదు. అందుకే విమానం కార్ల్స్‌రూయె-బాడెన్ బాడెన్‌లో దిగి, అక్కడి నుంచి మన గోదావరి పంటు లాంటి బార్జి మీద నదీ మార్గంలో, ఆపైన రోడ్డు మీద సాగింది. ఇప్పుడు రష్యా పోటీ విమానం టీయూ-144 పక్కనే మ్యూజియం కప్పు మీద నిలబడింది. ఆ రెండూ పక్కపక్కన కనిపించేది ప్రపంచంలో అక్కడొక్కచోటే.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలు అక్టోబరు చివర, నవంబరులో కదిలాయి. సియాటిల్‌కు వెళ్లినది న్యూయార్క్ నుంచి అక్కడికి నాలుగు గంటల లోపే చేరి రికార్డు సృష్టించింది. మరొకటి న్యూయార్క్‌లో దిగి బార్జి ఎక్కి హడ్సన్ నదిలోని ఇంట్రెపిడ్ మ్యూజియానికి చేరింది. ఇంకొకటి బార్బడోస్‌కు, ఒకటి మాంచెస్టర్ విమానాశ్రయానికి. నవంబరు 26న, రిజిస్ట్రేషన్ అక్షరాలతో ‘ఆల్ఫా ఫాక్స్‌ట్రాట్’ అని పిలిచే విమానం తాను పుట్టిన బ్రిస్టల్ శివారు ఫిల్టన్‌లోనే దిగింది. కాంకార్డ్ చివరిసారి గాల్లో ఉన్నది ఆ రోజే.

అదే సంస్థ విమానం ‘ఆల్ఫా ఆల్ఫా’కు ఎగిరే యోగం లేదు. ప్రమాదం తర్వాత మిగతావాటికి చేసిన మార్పులు దానికి చేయలేదు. రెక్కలు వేరుచేసి, 2004 ఏప్రిల్‌లో థేమ్స్ మీదుగా బార్జిలో లండన్ నడిబొడ్డు దాటించి, సముద్ర మార్గంలో స్కాట్లాండ్‌కు, అక్కడి నుంచి రోడ్డు మీద ఈస్ట్ ఫార్చూన్ మ్యూజియానికి తీసుకెళ్లారు. విశాఖ ఆర్కే బీచ్‌లో టీయూ-142 చూసినవాళ్లకు ఈ శ్రమ తెలిసే ఉంటుంది. నౌకాదళానికి చెందిన ఆ విమానాన్నీ 2017లో విప్పి తెచ్చి, తీరాన మళ్లీ బిగించారు.

కప్పు కోసం ఎదురుచూపు

చోటు దొరికినంత మాత్రాన కష్టం తీరలేదు. అల్యూమినియం ఒంటికి వాన, ఉప్పుగాలి పడవు. ల బూర్జే తన రెండింటినీ హాల్లో పెట్టింది. మాంచెస్టర్ విమానానికి 2009లో హ్యాంగర్ అమరింది. సియాటిల్ విమానం పుష్కర కాలానికి పైగా ఆరుబయట గడిపింది. ఫిల్టన్‌ది మరీ చోద్యం. 2012లో అక్కడి విమానాశ్రయమే మూతపడింది. విమానం మాత్రం కదల్లేదు. 2017లో దాని కోసమే కొత్త మ్యూజియం తెరిచారు. ఇంట్రెపిడ్ విమానానికి నేటికీ కప్పు లేదు. 2023 ఆగస్టులో రంగులు, మరమ్మతుల కోసం మళ్లీ బార్జి ఎక్కి బ్రూక్లిన్ వెళ్లి, 2024 మార్చిలో తిరిగొచ్చింది.

ఎక్కడికీ వెళ్లనిది హీత్రూలోని ‘ఆల్ఫా బ్రావో’. దీనికీ భద్రతా మార్పులు చేయలేదు, మ్యూజియమూ రాలేదు. సందర్శకులకు ప్రవేశం లేదు. లండన్ వెళ్లే తెలుగు ప్రయాణికులు, విమానం హీత్రూ రన్‌వే మీద దిగి టెర్మినల్ వైపు నడుస్తున్నప్పుడు కిటికీలోంచి ఓ కన్ను వేసి ఉంచండి. పొడవాటి ముక్కుతో, తెల్లగా, ఒంటరిగా కనిపిస్తే అదే.