బిషప్ గారి హామీ

1980 నాటికి బ్రౌన్స్‌విల్‌లో ఇల్లు అంటుకుంటే ఫైరింజనుకు దారి చెప్పడమే ఒక గండం. వీధి మలుపుల్లో పేర్ల బోర్డులుండేవి కావు. ఊడిపోయినవి ఊడిపోయినట్టే, మళ్లీ పెట్టిన నాథుడు లేడు. న్యూయార్క్‌లో, బ్రూక్లిన్ తూర్పు కొసన ఉన్న పేట అది. కాలిపోయిన అపార్టుమెంట్లు, కూల్చేసిన ఇళ్ల తాలూకు ఇటుక దిబ్బలు. ఒకసారి బోస్టన్ మేయర్ కెవిన్ వైట్ ఆ వీధులు చూసి, నాగరికత కూలిపోతోందనడానికి ఇదే ఆనవాలు అన్నాడు. అని వెళ్లిపోయాడు. ఉండిపోయింది నల్లజాతివాళ్లు, ప్యూర్టోరికన్లు. తలుపులు మూసుకోకుండా మిగిలినవి వాళ్ల చర్చీలు.

ఆ చర్చీలకూ ఒకదానికొకటి పడేది అంతంతమాత్రమే. గుంటూరు లూథరన్లనూ ఒంగోలు బాప్టిస్టులనూ ఎరిగినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎవరి పాట వాళ్లది, ఎవరి బల్ల వాళ్లది. అలాంటిది కేథలిక్ ఫాదర్లు, లూథరన్, బాప్టిస్టు పాస్టర్లు, వాళ్ల సంఘాల్లోని మామూలు మనుషులు ఒక గదిలో కూర్చున్నారు. 'ఈస్ట్ బ్రూక్లిన్ చర్చెస్' అలా పుట్టింది. నడక నేర్పింది ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్. యూదుడైన సాల్ అలిన్‌స్కీ 1940లో షికాగోలో, ఒక కేథలిక్ బిషప్ అండతో పెట్టిన సంస్థ అది. జనం తమంతట తాము చేసుకోగల పనిని వాళ్ల తరఫున ఇంకెవరూ చేయకూడదన్నది అక్కడ ఉక్కు నియమం.

కాబట్టి ఇళ్లు కావాలని ఊరేగింపు తీయలేదు. ముందు బోర్డులు పట్టుకున్నారు. ఏ మలుపులో ఏ పేరు లేదో కాగితం మీద రాసుకున్నారు, ఆ జాబితాతో నగర పాలనను వదలకుండా పట్టుకున్నారు. దాదాపు 3,000 బోర్డులు వచ్చాయి. ఆ తర్వాత సూపర్‌మార్కెట్లు. ఆదివారం ప్రార్థనలో పక్కపక్కన కూర్చునే ఆడవాళ్లే జట్లుగా లోపలికి వెళ్లి పాచిపోయిన మాంసం, మురికి నేల, బిల్లులో తేడా, అన్నీ రాసుకోవడం మొదలుపెట్టారు. తనిఖీ చేయడానికి మీకు అధికారం ఎవరిచ్చారన్న ప్రశ్నకు చట్టంలో సమాధానం లేదు. అక్కడ రోజూ సరుకులు కొనేది తామే, అంతే. దుకాణదారులు దారికొచ్చారు.

నన్నడిగితే అసలు విజయం ఈ చిల్లర పనుల్లోనే ఉంది. గెలుపు రుచి తెలియని పేటకు పెద్ద కల చూపిస్తే నమ్మదు.

ఇక ఇళ్లు. ఐ.డి. రాబిన్స్ పని మానేసిన బిల్డరు. డైలీ న్యూస్ పత్రికలో కాలమ్ రాసేవాడు. ఆయన వాదన ఒక్కటే: పదీ ఇరవై కడితే చుట్టూ ఉన్న శిథిలం వాటినీ మింగేస్తుంది, కడితే వెయ్యి కట్టాలి. 18 అడుగుల వెడల్పు ఇటుక ఇళ్లు, గోడకు గోడ ఆనించి, వరస మొత్తానికీ ఒకేసారి పునాది తీసి కడితే ఖర్చు దిగుతుంది. అద్దెకు కాదు, సొంతానికి. ఈ పథకానికి, బైబిలులో యెరూషలేము గోడలు తిరిగి కట్టించిన నెహెమ్యా పేరు పెట్టారు. సెయింట్ పాల్ కమ్యూనిటీ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ జానీ రే యంగ్‌బ్లడ్ లాంటివాళ్లకు ఆ కథ కొట్టిన పిండి.

పెట్టుబడికి 1.2 కోట్ల డాలర్ల వడ్డీ లేని నిధి కావాలన్నారు. కట్టడానికి వాడటం, ఇల్లు అమ్ముడుపోగానే తిరిగి నిధిలో వేయడం. మిస్సోరీ సినడ్ లూథరన్లు 10 లక్షల డాలర్లకు మాటిచ్చారు. బ్రూక్లిన్ కేథలిక్ బిషప్ ఫ్రాన్సిస్ ముగవేరో అంతకు మించి ముందుకొచ్చారు.

1982లో వీళ్లు మేయర్ ఎడ్ కోచ్ ముందు కూర్చున్నారు. ఖాళీగా పడున్న స్థలం, పన్ను రాయితీ, ఇంటికి 10,000 డాలర్ల చొప్పున వెయ్యి ఇళ్లకు కోటి డాలర్ల అప్పు. ఇవీ అడిగినవి. గమనించండి, చేయి చాచి రాలేదు. తమ డబ్బు తాము చూపించి, మీ వాటా ఎంత అని అడిగారు. కోచ్ తన దగ్గర డబ్బు లేదన్నాడు. అప్పుడు ముగవేరో, దొంగిలించైనా తెండి, మీ పాపం నేను క్షమిస్తానన్నారట. యూదు మేయరుకు కేథలిక్ బిషప్ పాపక్షమాపణ హామీ! నవ్వులు విరిశాయి. ఆ తర్వాత డబ్బూ వచ్చింది, దొంగతనం అక్కర్లేకుండానే.

ఆ అక్టోబరులోనే ఇటుక దిబ్బల మధ్య వేలమంది చేరి శంకుస్థాపన చేసుకున్నారు. 1984లో మొదటి కుటుంబాలు దిగాయి. కొన్నవాళ్లకు పడిన ధర 43 వేల డాలర్ల చిల్లర. ప్రభుత్వ అద్దె ఇళ్లలోంచి వచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది. నగరం ఇచ్చిన 10,000 డాలర్ల అప్పును వాళ్లు ఆ ఇల్లు తిరిగి అమ్మినప్పుడు తీర్చాలి, వడ్డీ లేదు.

నగర ప్రణాళికవేత్తలు కొందరికి ఇది నచ్చలేదు. న్యూయార్క్ లాంటి చోట అంత స్థలంలో ఇంత తక్కువ ఇళ్లా అని అడిగారు. ప్రశ్న సరైనదే. అయితే అంతస్తుల మీద అంతస్తులు పేర్చిన ప్రభుత్వ కట్టడాల్లో ఏళ్ల తరబడి ఉండి వచ్చినవాళ్లకు వీధిలోకి తెరుచుకునే సొంత తలుపు కావాలి.

'చర్చెస్' అన్న మాట తర్వాత 'కాంగ్రిగేషన్స్'గా మారింది. ఇళ్లు వేలల్లోకి పెరిగాయి. ఈలోగా పిల్లల చదువు సంగతి ముందుకొచ్చింది. 1993లో ఆ సంస్థ చొరవతోనే రెండు ప్రభుత్వ హైస్కూళ్లు తెరుచుకున్నాయి.