పువ్వుల ముమ్మడి పెళ్ళాం

మా ఆడపడుచు కూతురు సెలవులకి కొత్తవాడ వచ్చింది. చుట్టాలెవరొచ్చినా కోట చూపించడం మా ఇంట్లో కోడలి ఉద్యోగం. ఇంటికి తెచ్చుకోవడానికి జంపఖానా కొనిపెట్టడం రెండో ఉద్యోగం. మా వాడ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందాయె, కొనిపించకుండా పంపితే బాగుంటుందా!

కోటలో అందరూ చేసే పనే మేమూ చేశాం. తోరణం ముందు ఫోటో దిగాం. స్వయంభూదేవుడి గుడి శిథిలాల మధ్య తిరిగాం. 1323లో ఢిల్లీ సేనలు కోటని పట్టుకున్న కథ చెప్పాను. పిల్ల అంతా విని, "అత్తా, మరి రుద్రమదేవి ఎక్కడ చనిపోయింది? ఆ బోర్డు ఏదీ?" అంది.

లేదు. ఆమె నడిచిన కోటలో ఆమె మరణం గురించి చెప్పే రాయి నా కంటికి కనపడలేదు. చెప్పొద్దూ, నవలలు రాసే దాన్నన్న గర్వం కాస్త దిగింది. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను.

ఆ రాయి ఇక్కడ కాదు, నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే పల్లెటూళ్ళో దొరికింది. 1262 నుంచి రాజ్యం చేసిన మహారాణి, శాసనాల్లో మగపేరుతో రుద్రదేవ మహారాజు అనిపించుకున్న మనిషి, 1295 దాకా బతికే ఉందనుకున్నారు చరిత్రకారులు చాలాకాలం. చందుపట్ల శాసనం ఆ లెక్క మార్చేసింది. దాని తేదీ 1289 నవంబరు 27. కాకతి రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయుడూ శివలోకానికి వెళ్ళారనీ, వాళ్ళ పుణ్యం కోసం ఊళ్ళోని సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నాననీ అందులో ఉంది.

ఇచ్చిందెవరు? రాజ్యానికొచ్చిన మనవడు ప్రతాపరుద్రుడా? కాదు. సామంతులా? వాళ్ళూ కాదు. పువ్వుల ముమ్మడి. మల్లికార్జున నాయుడి కింద పనిచేసిన భృత్యుడు. వేయిస్తంభాల గుడి ముందు 1163 నాటి శాసనం చూడండి, అది రాజు వేయించుకున్నది, రాజు విజయాలన్నీ అందులో వరసగా ఉంటాయి. ఈ ముమ్మడి మాత్రం తన గొప్ప చెప్పుకోలేదు. పోయినవాళ్ళకి దణ్ణం పెట్టాడు, అంతే. తిరగబడ్డ కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే ఇద్దరూ పోయారని పండితుల ఊహ. రాయి ఆ సంగతి ఎత్తదు.

సాయంత్రం టీ తాగుతూ ఇదంతా చెబితే మా అత్తయ్య వింది. ఒకప్పుడు మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టిన మనిషి. ఆమె అడిగిన ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

"భూమి రాసిచ్చిండా? పెద్ద జాగీర్దారా ఏంది?"

"కాదత్తయ్యా, కింది ఉద్యోగే."

"మరి ఇంట్ల పెండ్లాం ఊకున్నదా? యుద్ధంల నుంచి పానంతోని వచ్చిండని ఆమె సంబురపడుతుంటే, ఉన్న చెక్క దేవుని పేర రాసొచ్చిండా!"

పిల్ల పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ ఇల్లాలు సణిగిందో, తనే ఇవ్వమందో! ఆడవాళ్ళు శాసనాలు వేయించలేదని కాదు. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి వేయించిన శాసనం వల్లనే కదా కాకతీయుల వంశవృక్షం మనకి అంత వివరంగా తెలిసింది! కానీ ఆమె రాజుగారి ఆడపడుచు. ముమ్మడి భార్యకి అంత రాయి ఎక్కడిది?

"రాయి సంగతి కాదు బిడ్డా," అంది అత్తయ్య, "మన మొగిలయ్య లేడా?"

బత్తిని మొగిలయ్య. 1946 ఆగస్టు 11న కోటలో జాతీయజెండా ఎగరేసిన రోజున రజాకార్లు చంపిన మనిషి. వరంగల్లులో ఆయన పేర హాలుంది. "మొగిలయ్య హాలు కాడ దిగు" అని ఆటోవాడికి చెప్పేటప్పుడు ఒక్కనాడైనా ఆ మనిషి గుర్తొచ్చాడా నాకు? అబద్ధమెందుకు, రాలేదు. పేరు నిలబడింది గానీ, గుర్తు చిరునామాగా మారిపోయింది. అత్తయ్యకి మాత్రం ఆ చావు గురించి వాళ్ళమ్మ చెప్పిన కథ ఉంది. ఆ కథలో జెండా ఒక్క ముక్కలో అయిపోతుంది, మిగిలిందంతా ఆ రాత్రి ఆ ఇంటి ఆడవాళ్ళ ఏడుపే.

"చందుపట్లకి ఎప్పుడెళదాం అత్తా?" అని పిల్ల పట్టుకుంది. వచ్చే ఆదివారం అన్నాను. మోకాళ్ళ నొప్పులని గుడికే రాని అత్తయ్య, "నేను సుత వస్త," అంది.

"మీరెందుకత్తయ్యా, అక్కడున్నది ఒక రాయే."

"గా ముమ్మడి పెండ్లాం పేరు ఏ మూలకన్న చెక్కిండేమో, నువ్వే సదివి చెప్పు," అంది.

లిపి నాకు రాదు. ఆ మాట ఇంకా చెప్పలేదు.